గిటార్ వాయించకుండా పక్కన పెట్టినా పాడవుతుంది.. స్టాండు, ఎండ, చెమ్మ దాన్ని ఏం చేస్తాయి?

హైదరాబాద్: గిటార్ పాడవడం అంటే కింద పడి విరగడమో, తీగ తెగడమో అనుకుంటాం. కానీ చాలాసార్లు అది ఒక మూల కదలకుండా నిలబడి ఉన్నప్పుడే పాడవుతుంది. ఈ సంగతి మా ఇంట్లో పాతిక వేలు పోయాక తెలిసింది.

మా ఖాలా కొడుకు 2021లో ఎంఎస్ చదవడానికి చికాగో వెళ్తూ తన గిటార్‌ను నా దగ్గర వదిలి వెళ్లాడు. అమెరికాలో తయారైన అకూస్టిక్ గిటార్ అది. ఇక్కడ ఒక బ్యాండ్‌లో వాయించే అతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వెళ్లేటప్పుడు "భాయ్, దీన్ని జర పైలంగా చూడు" అన్నాడు. నేను బాగానే చూశాననుకున్నాను. కొత్త స్టాండు కొని దాని మీద నిలబెట్టాను. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పాను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు.

రెండేళ్ల తర్వాత ఫీజుకు డబ్బు తక్కువైంది, దాన్ని అమ్మి పంపమని ఫోన్ చేశాడు. కొనడానికి వచ్చినాయన గిటార్ ఎత్తి, మెడ వెనక బొటనవేలు ఆనించగానే ఆగిపోయాడు. అక్కడ పాలిష్ జిగురుగా తగులుతోంది. కింద స్టాండు చేతులు ఆనిన రెండు చోట్లా పూత మసకబారి, రబ్బరు గొట్టం అచ్చు పడి ఉంది. ఫోన్‌లో 85 వేలకు మాట్లాడుకున్న బేరం 60 వేలకు దిగింది. గిటార్ మీద దెబ్బ ఒక్కటి లేదు, గీత ఒక్కటి లేదు.

నేను చదివింది బీకాం. వాడేకొద్దీ వస్తువు విలువ తగ్గితే దాన్ని తరుగుదల అంటారని చదువుకున్నాను. గిటార్ లెక్క వేరేగా ఉంది. దాన్ని రెండేళ్లు ముట్టుకోకపోయినా విలువ పోయింది. ఎందుకు పోయిందో రిపేరు చేసేవాళ్లను అడిగాను, తయారీ కంపెనీలు ఇచ్చే సూచనలు చదివాను. తెలిసినదంతా రెండు ప్రశ్నల్లోకి వచ్చింది. గిటార్‌ను ఏది తాకుతోంది? దాని చుట్టూ ఉన్న గాలి ఎలా ఉంది? ఈ రెండూ చూసుకుంటే చాలావరకు నష్టం తప్పుతుంది.

అన్ని పూతలూ ఒకటి కావు

దుకాణంలో అన్ని గిటార్లూ ఒకేలా మెరుస్తాయి. కానీ ఆ మెరుపు వెనక ఉన్న పూత వేరువేరు. మనకు తగిలేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది పాలియురేథేన్, పాలియెస్టర్ పూత. పది వేల లోపు దొరికే గిటార్లలో దాదాపు అన్నిటికీ ఇదే ఉంటుంది. ఖరీదైన వాటిలో కూడా చాలా వాటికి ఇదే. ఇది ఒకసారి గట్టిపడితే మళ్లీ సులభంగా కరగదు. గీతలకూ, చెమటకూ బాగా తట్టుకుంటుంది.

రెండోది నైట్రోసెల్యులోజ్ లాకర్. వాయించేవాళ్లు దీన్ని 'నైట్రో' అంటారు. 1920లలో అమెరికాలో కార్లకు రంగు వేయడానికి ఈ రకం లాకర్లు బాగా వాడుకలోకి వచ్చాయి. గిటార్ కంపెనీలు కూడా అందుకున్నాయి. ఫెండర్ 1960ల చివర్లో పాలియెస్టర్ వైపు మళ్లింది. గిబ్సన్ అమెరికాలో చేసే గిటార్లకు ఇప్పటికీ నైట్రోయే వేస్తుంది. మార్టిన్ కూడా చాలా ఖరీదైన మోడళ్లకు ఇదే వాడుతుంది. ఈ పూత పల్చగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ కాస్త పసుపు తిరుగుతుంది. చాలామందికి ఆ రంగు ఇష్టం. కానీ ఇది ఎన్నేళ్లయినా పూర్తిగా మొండిగా మారదు. వేడికి మెత్తబడుతుంది, తగిన ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతుంది.

మూడోది మన దగ్గరి వస్తువే, లక్క. లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్లు నిప్పు మీద మెత్తబరిచే లక్కే ఇది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు వదిలే పదార్థాన్ని శుద్ధి చేసి, ఆల్కహాల్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దుతారు. చేతితో చేసే ఖరీదైన క్లాసికల్ గిటార్లకు ఈ పాలిష్ ఎక్కువ. చూడడానికి చాలా అందంగా ఉంటుంది కానీ మూడింటిలో ఇదే సున్నితం. ఆల్కహాల్ చుక్క పడితే అక్కడే కరిగిపోతుంది.

మీ గిటార్ పూత ఏదో తెలియాలంటే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాలు చూడండి. ఫినిష్ అని రాసిన చోట ఉంటుంది. థిన్నర్ చుక్క వేసి పరీక్షించమని కొందరు చెబుతారు. ఇంట్లో ఆ పని చేయకండి. అనుమానం ఉంటే నైట్రో అనుకునే జాగ్రత్త పడండి. అలా అనుకుంటే పోయేదేమీ లేదు.

రబ్బరుకూ పాలిష్‌కూ మధ్య ఏం జరుగుతుంది?

మన ఇళ్లలో చెక్క డైనింగ్ టేబుల్ మీద గీతలు పడకూడదని మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. ఒకటి రెండు ఎండాకాలాలు పోయాక దాన్ని లేపితే టేబుల్‌కు అతుక్కుని ఉంటుంది. గట్టిగా లాగితే పాలిష్ కూడా లేచి వస్తుంది. గిటార్ స్టాండు దగ్గర జరిగేదీ అదే.

వినైల్ అనే ప్లాస్టిక్ సహజంగా గట్టిగా ఉంటుంది. దాన్ని వంగేలా మెత్తగా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. మన రెక్సిన్ సోఫాలు, మెత్తటి గొట్టాలు, చవక బెల్టులు అన్నీ ఇలాంటివే. ఈ పదార్థం ప్లాస్టిక్‌లో కదలకుండా ఉండిపోదు. నెమ్మదిగా బయటికి వస్తూ, ఆనుకుని ఉన్న వస్తువులోకి వెళ్తుంది. కొన్ని రకాల రబ్బరు నుంచి కూడా ఇలాగే పదార్థాలు ఊరుతాయి. అవతల ఉన్నది నైట్రో అయితే, ప్లాస్టిక్‌ను మెత్తబరిచిన పదార్థమే ఆ పూతనూ మెత్తబరుస్తుంది. మొదట మసకబారుతుంది, తర్వాత జిగురు వస్తుంది, చివరికి గొట్టం గీతలు అచ్చులా దిగుతాయి. గది వేడిగా ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మా ఇల్లు పై అంతస్తు. స్లాబు వేడి రాత్రి దాకా దిగదు. గిటార్‌కు రెండు ఎండాకాలాలు అక్కడే గడిచాయి.

పాలియురేథేన్, పాలియెస్టర్ పూతలకు ఈ భయం చాలా తక్కువ. అయినా తెల్లటి, లేత రంగు గిటార్ల మీద రబ్బరు మరక దిగవచ్చు. అది తుడిస్తే పోదు.

తాకే వస్తువుల లెక్క తీయండి

స్టాండు ఒక్కటే కాదు. గిటార్‌ను రోజుల తరబడి అంటుకుని ఉండేవి ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

స్టాండు, గోడ హ్యాంగర్: మెడ ఆనే చోట, కింద చేతుల దగ్గర పాత నూలు గుడ్డ చుట్టండి. పాత కుర్తా చేతులు కత్తిరించి తొడిగినా, నూలు సాక్స్ తొడిగినా సరిపోతుంది. రంగు వదలని తెల్ల గుడ్డ అయితే మంచిది. నెలకోసారి విప్పి చూడండి. గుడ్డకు జిడ్డు ఎక్కితే మార్చండి. నైట్రోకు ఇబ్బంది లేదని రాసిన స్టాండ్లు కూడా దొరుకుతాయి. వాటి మీద కూడా గుడ్డ ఉంటే నష్టం లేదు.

స్ట్రాప్: వాయించడం అయ్యాక గిటార్‌కు తగిలించే వదిలేయడం చాలామందికి అలవాటు. రెక్సిన్ స్ట్రాప్‌ను మడిచి కేసులో గిటార్ మీదే పెట్టి మూత వేస్తే, మూసిన పెట్టెలో నెలల తరబడి పూతను నొక్కుతూ ఉంటుంది. తీసి విడిగా పెట్టండి. నూలు స్ట్రాప్ అయినా దాని చివర తోలు, బకిల్ ఉంటాయి. అవి గీతలు పెడతాయి.

కాపో: వాయించడం పూర్తయ్యాక మెడ మీద వదిలేయకండి. దాని రబ్బరు మెడ వెనక భాగాన్ని గట్టిగా పట్టి ఉంటుంది. తీగల మీద కూడా అనవసరంగా ఒత్తిడి పడుతుంది.

ప్లాస్టిక్ కవరు: నేను చేసిన రెండో తప్పు ఇదే. కవరు లోపల చెమ్మ బయటికి పోదు. ఉక్కపోత రోజుల్లో కవరే పూతకు అంటుకుంటుంది. దుమ్ముకు పాత నూలు దుప్పటి చాలు.

కలరా ఉండలు: బీరువాలో బట్టలకు వేసినట్టు గిటార్ కేసులో కూడా వేసేవాళ్లు ఉన్నారు. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌లను, పూతలను మెత్తబరుస్తుంది. కేసులో వేయకండి.

ఒంటి మీద ఉన్నదీ గిటార్‌కు అంటుతుంది

వాయించేటప్పుడు కుడి ముంజేయి గిటార్ పై అంచును రాసుకుంటూనే ఉంటుంది. చెమటలో ఉప్పు, కొంచెం ఆమ్లం ఉంటాయి. నైట్రో పూత ఆ చోట ముందుగా మసకబారడానికి కారణం అదే. వాయించడం అవగానే మెత్తటి పొడి గుడ్డతో గిటార్‌ను, తీగలను తుడిస్తే చాలు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని వాయించినా మేలే.

దోమల క్రీముల సంగతి చాలామందికి తెలియదు. డీట్ అనే పదార్థం ఉన్న క్రీములు, స్ప్రేలు ప్లాస్టిక్‌ను, లాకర్‌ను కరిగిస్తాయి. సాయంత్రం డాబా మీద వాయిద్దామని చేతులకు రాసుకుని కూర్చుంటే, తెల్లారేసరికి పూత మీద వేలిముద్రలు దిగి ఉంటాయి. ట్యూబు మీద పదార్థాల జాబితా చూడండి. రాసుకుంటే, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే గిటార్ ముట్టుకోండి.

శానిటైజర్, బాడీ స్ప్రే, సెంట్ స్ప్రేలలో ఆల్కహాల్ ఉంటుంది. లక్క పాలిష్‌కు అదే అసలు ద్రావకం. నైట్రోకు కూడా మంచిది కాదు. ఆల్కహాల్ లేని అత్తరు వాడేవాళ్లు మాకు బాధ లేదనుకోవచ్చు. కానీ అది నూనె. మణికట్టుకు రాసింది గిటార్ మీద జిడ్డు మరకై కూర్చుంటుంది. ఏది రాసుకున్నా ఆరిన తర్వాతే వాయించాలి. గిటార్ ఉన్న గదిలో స్ప్రే కొట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

రెండో ప్రశ్న: గాలి

పూత చెక్క మీద కూర్చుని ఉంటుంది. చెక్క కదిలితే పూత కూడా పగులుతుంది. అందుకే పాలిష్ కాపాడుకోవాలంటే గాలి సంగతి చూడక తప్పదు.

అకూస్టిక్ గిటార్ ముందు పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లే. ఉక్కు తీగలు బిగిస్తే దాని మీద మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. అంటే ఒక మనిషి బరువు ఎప్పుడూ దాన్ని లాగుతూ ఉన్నట్టు. ఆ పల్చటి చెక్క గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ముడుచుకోవడం నారకు అడ్డంగా ఎక్కువ, పొడవునా చాలా తక్కువ. లోపల అడ్డంగా అతికించిన పుల్లలు పలకతో పాటు ముడుచుకోవు. పలక ముడుచుకోవాలని చూస్తుంది, పుల్లలు కదలనివ్వవు. చివరికి నార వెంట చీలిక వస్తుంది.

గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదని తయారీదారులు చెబుతారు. 40 నుంచి 60 మధ్య ఉన్నా పెద్దగా భయం లేదు. మన దగ్గర ఏడాదంతా అలా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం తేమ 30 శాతం కిందికి పడిపోయే రోజులు ఉంటాయి. జూలై, ఆగస్టులో 80 శాతం దాటుతుంది. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఎండాకాలంలో కూడా తేమ ఎక్కువే, పైగా ఉప్పు గాలి. అక్కడ తీగలకు, ఫ్రెట్లకు, బిగించే కీలకు తుప్పు త్వరగా పడుతుంది. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు చెప్పిన చిట్కా విశాఖలో ఉన్నవాళ్లకు పనికి రాకపోవచ్చు.

గాలి పొడిబారిందని గిటారే చెబుతుంది. మెడ అంచు వెంట వేలు జరిపితే ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటాయి. చెక్క ముడుచుకుంది, లోహం అలాగే ఉంది, అందుకే. ముందు పలక లోపలికి కుంగుతుంది. తీగలు కిందికి దిగి జరజరమంటాయి. తేమ ఎక్కువైతే దీనికి తిరగబడి, పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేచి నొక్కడానికి వేళ్లు నొప్పి పెడతాయి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతోందంటే అది లేస్తోందని అర్థం. వెంటనే రిపేరుకు తీసుకెళ్లాలి.

తక్కువ ఖర్చులో తేమ చూసుకోవడం

ముందు తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొనండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. చవక మీటర్లు తప్పు చూపిస్తాయి కాబట్టి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు కొన్ని చుక్కల నీళ్లు కలపండి. ఆ మూతను, మీటరును గాలి చొరబడని జిప్ కవరులో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 70 చూపిస్తే, అది ఎప్పుడూ సుమారు 5 తక్కువ చూపిస్తోందని గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలానికి: మూతకు చిల్లులు పెట్టిన సబ్బు పెట్టెలో తడి స్పాంజి ముక్క పెట్టి, గిటార్ కేసులో తల వైపు ఉంచండి. స్పాంజిని గట్టిగా పిండాలి, చుక్క కారకూడదు. సబ్బు పెట్టె కూడా ప్లాస్టిక్కే కాబట్టి గిటార్‌ను తాకకుండా పెట్టండి. రెండు మూడు రోజులకోసారి చూసి మళ్లీ తడపండి. మీటరు కూడా కేసులోనే ఉంటే తడి ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది.

వానాకాలానికి: సిలికా జెల్ ప్యాకెట్లు కేసులో వేయవచ్చు. కానీ అవి తేమను పీల్చడం మాత్రమే చేస్తాయి, తిరిగి ఇవ్వవు. వానలు వెళ్లాక తీసేయాలి. ఎండాకాలంలో కూడా కేసులోనే ఉంటే మన చేతులతో మనమే గిటార్‌ను ఎండబెట్టినట్టు.

తేమ ఎక్కువైతే పీల్చుకుని, తక్కువైతే వదిలే ప్యాకెట్లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. 49 శాతం దగ్గర నిలబెట్టేవి గిటార్ కోసమే చేస్తారు. ఇవి మూసిన కేసులోనే పని చేస్తాయి. ఖరీదైన గిటార్ ఉన్నవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు.

నీళ్ల కూలర్ ఉన్న ఇళ్లలో ఒక మాట. కూలర్ గాలి తేమ గాలి. దాని ఎదురుగా గిటార్ పెడితే మధ్యాహ్నం అంతా తడి గాలి తగులుతుంది, కూలర్ ఆపగానే మళ్లీ పొడి. ఏసీ గాలి సూటిగా తగిలేలా కూడా పెట్టకండి. తేమ ఒక్కసారిగా మారడం చెక్కకు ఎక్కువ చేటు చేస్తుంది.

వేడి: కారు, సజ్జ, బస్సు డిక్కీ

బయట 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడికి గిటార్‌లో వాడే జిగురు మెత్తబడడం మొదలవుతుంది. పైన 70 కిలోల లాగుడు ఉండనే ఉంది. బ్రిడ్జి లేచిపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. నైట్రో పూత మెత్తబడి, కేసు లోపలి గుడ్డ నేత అచ్చు దాని మీద పడుతుంది. బస్సు డిక్కీ కూడా ఇంతే. సీటు పక్కన పెట్టుకోగలిగితే అదే మేలు.

ఇంట్లో జాగా లేక గిటార్‌ను సజ్జ మీద, బీరువా పైన పెడతాం. పై అంతస్తు ఇంట్లో సజ్జ అంటే స్లాబు కిందే, ఇల్లు మొత్తంలో అన్నిటికన్నా వేడి చోటు. మంచం కింద చల్లగా ఉంటుంది కానీ చెమ్మ, చెదలు, ఎలుకలు చూసుకోవాలి. గట్టి కేసులో పెట్టి, నేలకు కాస్త ఎత్తుగా ఉంచి, నెలకోసారి తెరిస్తే మంచం కిందైనా పరవాలేదు.

కిటికీ ఎండ సూటిగా పడే గోడకు తగిలించకండి. ఎండకు రంగు వెలుస్తుంది, పూత పసుపు తిరుగుతుంది. వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడకు కూడా వద్దు. రెండు గదుల మధ్య గోడ అయితే మంచిది. వంటింటి పక్కన పెడితే పోపు పొగ జిడ్డై పేరుకుంటుంది.

అసలు జాగ్రత్తైన చోటు గట్టి కేసే. గుడ్డ బ్యాగు దుమ్ము నుంచి, చిన్న గీతల నుంచి కాపాడుతుంది. పడితే ఆపలేదు. కేసు మీద సూట్‌కేసులు పేర్చకండి. గోడకు ఊరికే ఆనించి నిలబెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. జారి పడితే తల విరుగుతుంది, ముఖ్యంగా తల వెనక్కి వంగి ఉండే గిబ్సన్ తరహా గిటార్లలో.

తీగలు విప్పేయాలా?

వారం, నెల పక్కన పెడితే విప్పనక్కర్లేదు. కొన్ని నెలల పాటు పెడుతుంటే తీగలను ఒకటి రెండు సుర్‌లు కిందికి దించండి. పూర్తిగా వదులు చేయకండి. ఉక్కు తీగల గిటార్లలో చాలా వాటి మెడ లోపల తీగల లాగుడుకు ఎదురు నిలిచే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. తీగలు లేకపోతే అది మెడను వెనక్కి వంచే అవకాశం ఉంది.

విదేశాల్లో చదివేవాళ్లకు

మన పిల్లలు చాలామంది చికాగో, న్యూజెర్సీ, టొరంటో లాంటి చోట్లకు గిటార్ తీసుకుని వెళ్తున్నారు. అక్కడ ఇబ్బంది చలికాలంలో. బయటి చల్లటి గాలిలో తేమ చాలా తక్కువ. అదే గాలిని హీటరు వేడి చేస్తే గది మన మే నెల కంటే పొడిగా మారుతుంది. హీటరు గాలి వచ్చే చోటికి దూరంగా, కేసులో తడి స్పాంజి గానీ ప్యాకెట్ గానీ పెట్టి ఉంచాలి.

ఇంకోటి, బయట మంచులో నుంచి ఇంట్లోకి రాగానే కేసు తెరవకండి. చల్లబడిన గిటార్‌కు వెచ్చటి గాలి ఒక్కసారిగా తగిలితే నైట్రో పూత సన్నటి గీతలుగా పగులుతుంది. సాలెగూడులా కనిపించే ఆ పగుళ్లు మళ్లీ అతకవు. కేసు మూసే ఉంచి, కొన్ని గంటలు ఆగి, కేసు బయటి భాగం గది వేడికి వచ్చాక తెరవాలి. విమానంలో సామానుతో వచ్చిన గిటార్‌కు కూడా ఇదే పద్ధతి.

తుడవడంలో పొరపాట్లు

పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. మరక పోకపోతే గుడ్డను కొద్దిగా తడిపి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. అద్దాలు తుడిచే ద్రవం, కిరోసిన్, కొబ్బరి నూనె, కారు పాలిష్ ఏదీ వద్దు. సిలికోన్ ఉన్న పాలిష్ వాడితే తర్వాత ఎప్పుడైనా కొత్త పూత వేయాల్సి వస్తే అది సరిగా పట్టదు. మెరుపు లేని మ్యాట్ గిటార్‌ను పాలిష్ పెట్టి రుద్దితే అక్కడక్కడ మెరుస్తూ మచ్చల్లా కనిపిస్తుంది.

మచ్చ పడిపోతే ఏం చేయాలి? ముందు ఆ రబ్బరును దూరం చేయండి. జిగురుగా ఉన్న చోట రుద్దకండి, థిన్నర్ పెట్టకండి. గాలి తగిలే చోట కొన్ని వారాలు ఏదీ ఆనకుండా వదిలితే కొంత గట్టిపడవచ్చు. తర్వాత పని తెలిసిన వాళ్లకు చూపించండి. పాత గిటార్ అయితే మొత్తం పూత గీకి కొత్తది వేయించాలని తొందరపడకండి. పాత గిటార్లు కొనేవాళ్లు అసలు పూతకే ఎక్కువ ధర ఇస్తారు. కొత్త పూత వేస్తే విలువ బాగా పడిపోతుంది.

మా ఖాలా కొడుకు ఆ 60 వేలకు గిటార్ అమ్మలేదు. మిగతా డబ్బు నేనూ, మా అన్నా కలిసి సర్దాం. గిటార్ ఇప్పటికీ మా ఇంట్లోనే, గట్టి కేసులో, లోపలి గది గోడ పక్కన ఉంది. మెడ వెనక జిగురు చాలావరకు తగ్గింది కానీ ఆ అచ్చు అలాగే ఉంది. నెల మొదటి ఆదివారం కేసు తెరిచి, మీటరు చూసి, ఫోటో తీసి చికాగోకు పంపుతాను. మొన్న 47 శాతం చూపించింది.

మీ ఇంట్లో గిటార్ ఉంటే ఈ రోజే స్టాండు మీద నుంచి తీసి, రబ్బరు ఆనిన చోట ఒకసారి వేలితో తాకి చూడండి. నున్నగా ఉంటే అక్కడ గుడ్డ చుట్టి మళ్లీ పెట్టండి. జిగురుగా తగిలితే మళ్లీ ఆ స్టాండు మీద పెట్టకండి.